నడకకి మారుపేరు ఉండదు

మేడ మీద కూర్చున్నవాళ్లకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఎక్కి వస్తున్నది నాన్నో బాబాయో తెలిసిపోతుంది. ముఖం చూడక్కర్లేదు, గొంతు వినక్కర్లేదు. పగటివేషం ఎంత బాగా కట్టినా సొంత ఊళ్లో అయితే నడక చూసి పట్టేస్తారు.

1973లో గున్నార్ యోహాన్సన్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతినే ప్రయోగం పెట్టి చూపించాడు. తెర మీద మనిషి కనపడడు. భుజాలు, మోచేతులు, మోకాళ్లు, ఇలా కీళ్ల దగ్గర వెలిగే చుక్కలు మాత్రం కనపడతాయి. ఆగి ఉన్నంతసేపూ అవి వట్టి చుక్కలే. కదిలిన మరుక్షణం మాత్రం చూసేవాడికి నడుస్తున్న మనిషి కనపడతాడు. 1977లో కటింగ్, కొజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, ఆ చుక్కల నడకలోంచి జనం తమ స్నేహితుల్ని పోల్చుకోగలరని తేల్చారు. తప్పులు పోయారు గానీ, గుడ్డిగా ఊహించినదానికన్నా బాగానే చెప్పారు.

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకి కట్టుకుని కల్పిత లోకంలో తిరిగే పరికరం, నడిచేది ఈ పద్ధతి మీదే. చుక్కలు మాత్రం డజను కాదు, మూడే: తల, కుడిచెయ్యి, ఎడమచెయ్యి. వాటిని చూసేది మనిషి కాదు, కంప్యూటరు. దానికి ఆ మూడూ చాలు.

వీఆర్‌లో గోప్యత అనగానే అందరూ కెమెరా గురించీ మైకు గురించీ మాట్లాడతారు. వాటి సంగతి తీసెయ్యాల్సింది కాదు, కానీ వాటికి పర్మిషన్ అడిగే కిటికీ ఒకటైనా ఉంది. తల కదలికకీ చేతి కంట్రోలర్ల కదలికకీ అదీ లేదు, ఉండే వీలూ లేదు. తల ఎటు తిరిగిందో తెలియకపోతే కంటి ముందు బొమ్మే గీయలేరు. అందుకే ఈ సమస్యని "వాడేవాడు ఒప్పుకున్నాడా లేదా" అన్న ప్రశ్నగా చూసినంతకాలం తెగదని నా వాదన. అడగాల్సింది వేరే ఉంది: కదలిక లెక్కలు హెడ్‌సెట్ దాటి బయటికి పోతున్నాయా, పోతే ఎంత కచ్చితంగా పోతున్నాయి?

ముందు ఆ లెక్కలేమిటో దగ్గర నుంచి చూద్దాం. హెడ్‌సెట్ ఒక ఫ్రేములో (కంటి ముందు ఒక బొమ్మ గీసేంతసేపట్లో) యాప్‌కి ఇచ్చేది ఇంతే: తల నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, గది మధ్య నుంచి ఎంత పక్కకి, ఎంత ముందుకి ఉంది. ఇవి మూడు దూరాలు. తల ఎటు తిరిగి, ఎటు వంగి, ఎటు వాలి ఉంది అన్నవి మూడు కోణాలు. ఒక వస్తువుకి ఆరు అంకెలు అయ్యాయి. రెండు చేతుల్నీ కలిపితే పద్దెనిమిది. సెకనుకి 90 ఫ్రేముల హెడ్‌సెట్ అనుకుంటే 20 నిమిషాలకి 18 × 90 × 60 × 20, అంటే 19 లక్షల 44 వేల అంకెలు. స్టాన్‌ఫర్డ్‌లో వీఆర్ ల్యాబు నడిపే జెరెమీ బెయిలెన్సన్ 2018లో ఒక వైద్య పత్రికలో "20 నిమిషాల్లో దాదాపు 20 లక్షల నమోదులు" అని రాస్తే అతిశయోక్తిలా వినిపిస్తుంది. అది మామూలు గుణకారమే.

దాచుకోవడానికి ఇదేమన్నా బరువా అంటే అదీ కాదు. ఒక్కో అంకెకి నాలుగు బైట్లు వేసుకుంటే సెకనుకి ఆరున్నర కిలోబైట్లు. గంటసేపు ఆడితే 23 ఎంబీ. పెళ్లి వీడియో ముక్క ఒకటి వాట్సాప్‌లో పంపితే అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుంది. కుదించకుండానే ఇంత. అందుకే వైఫై వాడకం చూసి "ఏదో బయటికి పోతోంది" అని పసిగట్టడం కుదరదు. ఆటకి అవసరమైన రాకపోకల్లో ఇదీ కలిసిపోతుంది.

ఇప్పుడు ఆ అంకెల్లో ఒక్కదాన్ని తీసుకుందాం. నిటారుగా నించున్నప్పుడు తల ఎత్తు 1.58 మీటర్లని వచ్చిందనుకోండి. హెడ్‌సెట్ కొలిచేది కళ్ల దగ్గర. కళ్ల నుంచి నడినెత్తికి ఇంకో పది పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మనిషి ఎత్తు 1.68, 1.70 మధ్య. రెండు చేతులూ బార్లా చాపిన క్షణంలో కంట్రోలర్ల మధ్య దూరం చూస్తే చేతుల పొడవు వచ్చేస్తుంది. కటకాల మధ్య దూరం ఎంతకి సర్దుకున్నారో చూస్తే కళ్ల ఎడం వస్తుంది. బటన్లు ఏ చేత్తో నొక్కుతున్నారో చూస్తే ఎడమచేతి వాటం తెలుస్తుంది. నాలుగు మూలలకీ ఎంత దూరం వెళ్లి ఆగుతున్నారో చూస్తే గది కొలత కూడా దొరుకుతుంది. వీటిలో దేనికీ కృత్రిమ మేధ అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. దర్జీ టేపు పట్టుకుని రాసుకునే కొలతలే, టేపు మాత్రం లేదు.

విడిగా చూస్తే ఒక్కో కొలతా వేలమందికి సరిపోతుంది. అన్నీ కలిపి, పైన కదలిక తీరు కూడా చేరిస్తే (చెయ్యి ఎంత జోరుగా విసురుతారు, తల ముందు తిరుగుతుందా చెయ్యి ముందు లేస్తుందా, దెబ్బ వేశాక మణికట్టు ఎటు వాలుతుంది) సరిపోయేవాళ్లు ఇట్టే తగ్గిపోతారు. ఎంతగా తగ్గుతారన్నది తేలింది ఒక ఆట వల్ల.

బీట్ సేబర్ అని వీఆర్‌లో బాగా ఆడే ఆట ఒకటుంది. పాట వస్తుంటే ఎరుపు, నీలం దిమ్మెలు మీదికి దూసుకొస్తాయి. వాటి మీద బాణం గుర్తు ఎటుంటే అటు కత్తితో నరకాలి. స్కోర్లలో మోసం జరగకుండా ఉండాలని ఆటగాళ్లే ఒక ఏర్పాటు చేసుకున్నారు. పాట అయ్యాక తల, చేతుల కదలికల రికార్డు మొత్తం స్కోరు పట్టిక సైటుకి చేరుతుంది, అనుమానం ఉన్నవాళ్లు మళ్లీ ఆడించి చూసుకోవచ్చు. బీట్‌లీడర్ లాంటి సైట్లలో ఈ రికార్డులు బహిరంగంగానే ఉంటాయి. దాపరికం ఏమీ లేదు, కుట్రా లేదు. క్రికెట్‌లో రీప్లే లాంటిదే అనుకున్నారు.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వివేక్ నాయర్, ఆయన సహచరులు 2023లో ఆ రికార్డుల మీద పని చేశారు. మొత్తం 55,541 మంది ఆటగాళ్లు. ఒక్కొక్కరివీ ఐదేసి నిమిషాల కదలికలు చూపించి కంప్యూటరుకి నేర్పారు. తరవాత అదే మనుషులు ఇంకోసారి ఆడిన రికార్డుల్లోంచి ముక్కలు ఇచ్చి "ఇది ఎవరు?" అని అడిగారు. 100 సెకన్ల ముక్క ఇస్తే 94.33 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. పది సెకన్లే ఇస్తే 73.20 శాతం. యాభై అయిదు వేలమందిలో ఒకణ్ణి, పది సెకన్లలో, ముఖం లేకుండా, గొంతు లేకుండా. అంతకు మూడేళ్ల ముందు, 2020లో, స్టాన్‌ఫర్డ్ వాళ్లు 511 మందితో చేసిన ప్రయోగంలో ఆటే లేదు. హెడ్‌సెట్ పెట్టుకుని చుట్టూ తిరిగే వీడియోలు చూశారంతే. అయిదు నిమిషాలు కూడా నిండని కదలికతో 95 శాతం సార్లు మనిషిని పట్టేశారు.

ఈ అంకెలు చూసి బెంబేలెత్తేముందు వీటి హద్దులు కూడా చెప్పాలి. బీట్ సేబర్‌లో అందరూ ఒకేరకం పని చేస్తారు, అదీ బలంగా, వేగంగా. ఒక ఆటలో నేర్చుకున్న ఆనవాలుతో ఇంకో యాప్‌లో అదే మనిషిని పట్టడం ఇంతకన్నా చాలా కష్టం. నెలలు గడిచి ఆట తీరు మారినా, హెడ్‌సెట్ మార్చినా గురి తప్పుతుంది. పైగా ముందు నేర్చుకోవడానికి మీ పేరుతోనో అకౌంటుతోనో కలిసిన పాత రికార్డు ఒకటి ఉండాలి. ముక్కూమొహం తెలియని మనిషిని కదలిక చూసి "ఫలానా" అని చెప్పే మంత్రం ఏదీ లేదు. ఆ పాత రికార్డు ఎక్కడో ఒకచోట ఉండటం మాత్రం రోజురోజుకీ మామూలైపోతోంది. ఆఫీసులో భద్రతా శిక్షణ హెడ్‌సెట్‌తో ఇచ్చారు, లాగిన్ ఉద్యోగి నంబరుతో. అదే మనిషి రాత్రి మారుపేరుతో, కప్ప బొమ్మ అవతార్‌తో, తాగుడు మానేద్దామనుకునేవాళ్ల వీఆర్ గదిలో కూర్చుంటాడు. ఈ రెండు సర్వర్లూ ఒకరి చేతికి వస్తే కప్ప వేషం ఎందుకూ పనికిరాదు.

వేషగాడు తనంతట తాను ఆడినప్పటి సంగతి ఇది. ఆటే మనిషిని పరీక్షించేలా అల్లితే ఇంకో రకం. బర్కిలీ వాళ్లే అలాంటిది ఒకటి కట్టి చూపించారు. గదిలో చిక్కుకుపోయారు, చిక్కుముళ్లు విప్పుకుంటూ బయటపడాలి. ఇలాంటి ఆటలు ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ మాల్స్‌లో కూడా కొత్త కాదు. ఒక గోడ మీది రంగుల చుక్కల్లో పదం దాచారు, చదవలేకపోతే రంగులు సరిగ్గా కనపడవని తెలుస్తుంది. ఒకచోట దూరాన సన్నటి అక్షరాలు పెట్టారు, దాంతో చూపు తెలుస్తుంది. వేరే చోట ఒకే సూచన చాలా భాషల్లో ఉంది. కళ్లు, తల ఏ భాష వైపు తిరిగాయో చూస్తే వచ్చిన భాష తెలుస్తుంది. బటన్ ఎంత చురుగ్గా నొక్కారు, ఎంత కిందికి వంగగలిగారు, గోడ మీద చూసిన వరుస ఎంతసేపు గుర్తుంది, అన్నీ లెక్కకొచ్చాయి. కొన్ని నిమిషాల ఆటలో 25కి పైగా వివరాలు. ఆడినవాళ్లకి అది ఆటలాగే ఉంది. ఒక్క చోట కూడా "మీ చూపు పరీక్షిస్తున్నాం" అన్న మాట లేదు. నాకు ఈ ప్రయోగం పోల్చుకోవడం కన్నా ఎక్కువ దిగులు పుట్టిస్తుంది. సైటులో ఫారం నింపితే అబద్ధమైనా రాయొచ్చు, ఇక్కడ జవాబిస్తున్నట్టే తెలియదు.

ఈ కదలిక ఎవరెవరి చేతుల్లోంచి వెళ్తుందో విడదీసి చూడాలి, ఎందుకంటే తాళం ఎక్కడ వేయాలో అప్పుడే తెలుస్తుంది. మొదట హెడ్‌సెట్ చేసిన కంపెనీ. హెడ్‌సెట్ లోపల దాని సిస్టమ్‌కి కెమెరా బొమ్మలతో సహా అంతా పచ్చిగా అందుతుంది. రెండోది యాప్. దానికి కెమెరా బొమ్మలు మామూలుగా అందవు, లెక్కతేలిన స్థానాలు మాత్రం పూర్తి కచ్చితత్వంతో అందుతాయి. మూడోది ఆ యాప్ సర్వర్. నాలుగోవాళ్లని అందరూ మరిచిపోతారు: అదే గదిలో ఉన్న తక్కిన జనం. మీ అవతార్ వాళ్ల తెర మీద చెయ్యి ఊపాలంటే మీ చెయ్యి ఎక్కడుందో వాళ్ల యంత్రానికి చేరాలి కదా. చేరిన అంకెల్ని బొమ్మ గీసి వదిలేస్తారా, ఫైలులో రాసుకుంటారా అన్నది వాళ్లిష్టం. కంపెనీ పద్ధతుల పత్రం ఎంత పవిత్రంగా ఉన్నా ఈ నాలుగోవాళ్లకి అది వర్తించదు. వాళ్ల దాకా చేరేది కొంత కుదించి, కొంత తగ్గించి వెళ్తుంది. అదొక్కటే ఊరట.

గదిలో నాలుగోవాడు ఎంతదాకా పోగలడో 2019 ఫిబ్రవరిలో న్యూ హేవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. బిగ్‌స్క్రీన్ అనే యాప్‌లో ఒక లోపం వాడుకుని, ఎవరికీ కనపడకుండా గదిలో చేరి మాటలు వినొచ్చని, ఎదుటివాళ్ల కంప్యూటర్ తెర చూడొచ్చని బయటపెట్టారు. యాప్ వాళ్లు దాన్ని సరిదిద్దారు. 2024లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లది ఇంకాస్త మాయ. హెడ్‌సెట్‌లో అసలు హోమ్ స్క్రీనుకి నకలు కట్టి, మనిషిని అందులో పెట్టేశారు. లోపల తెరిచిన ప్రతి యాపూ నకలులోంచే నడుస్తుంది. పరీక్షకి కూర్చున్నది 27 మంది, వీఆర్ వాడి అలవాటున్నవాళ్లే. పదిమందికి చిన్న కుదుపు కనపడింది. వాళ్లలో ఒక్కరు తప్ప అందరూ "ఏదో అడ్డం పడిందిలే" అనుకున్నారు. అయితే ఆ దాడి జరగాలంటే హెడ్‌సెట్‌లో డెవలపర్ మోడ్ (యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం పెట్టిన సెట్టింగు) వేసి ఉండాలి, దాడి చేసేవాడు అదే వైఫైలో ఉండాలి. స్టోరులో లేని ఆటలు ఎక్కించుకోవడానికి యూట్యూబు చూసి డెవలపర్ మోడ్ వేసి, మళ్లీ తీయడం మరిచిపోయేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది. తీసేయండి, ఫోన్ యాప్‌లో అర నిమిషం పని.

కళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. మెటా (ఒకప్పటి ఫేస్‌బుక్ కంపెనీ) వాళ్ల క్వెస్ట్ ప్రో 2022లో, ప్లేస్టేషన్ వీఆర్2 2023లో, ఆపిల్ విజన్ ప్రో 2024లో కంటిచూపు ఎటు తిరుగుతుందో కొలిచే సెన్సర్లతో వచ్చాయి. క్వెస్ట్ 3లో అవి లేవు. చెయ్యి మన మాట వింటుంది, చూపు వినదు. చూడకూడదనుకున్నదాని మీదికే ముందు పోతుంది. ఆపిల్ ఇక్కడ చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. మీరు ఎటు చూస్తున్నారో యాప్‌కి చెప్పదు. చూస్తున్న బటన్ మెరవడం కూడా సిస్టమే గీస్తుంది, యాప్‌కి తెలియకుండా. వేళ్లు కలిపి నొక్కినప్పుడు మాత్రం "ఇక్కడ నొక్కారు" అని యాప్‌కి కబురందుతుంది. దుకాణంలో మీరు పది చీరలు చూసి ఒకటి తీసుకుంటే, తీసుకున్నదొక్కటే షాపువాడికి తెలిసినట్టు. దీనికి పర్మిషన్ కిటికీ అక్కర్లేదు, ఒప్పుకోవాల్సిన పనే లేదు.

అంత పకడ్బందీగా కట్టిన ఇంట్లోనూ కిటికీ ఒకటి తెరిచి ఉండిపోయింది. విజన్ ప్రోలో వీడియో కాల్ చేస్తే ఎదుటివాళ్లకి మీ ముఖం నకలు కనపడుతుంది, దాన్ని పర్సోనా అంటారు. నకలు సహజంగా ఉండాలని మీ కళ్ల కదలికని దానికి పెట్టారు. కాల్‌లో ఉండగా మీరు చూపుతో కీబోర్డు టైపు చేస్తే? ఒక్కో అక్షరం మీదా చూపు ఆగుతుంది, రెప్ప వేయడం తగ్గుతుంది, ఆ తీరు నకలు కళ్లలో కనపడుతుంది. పరిశోధకులు 2024లో ఆ కళ్లు చూసే అక్షరాలు చదివారు. దానికి గేజ్‌ప్లాయిట్ అని పేరు పెట్టారు. అయిదు ఊహల్లోపు పాస్‌వర్డుని 77 శాతం సార్లు అందుకున్నారు. ఆపిల్ ఆ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ విజన్ఓఎస్ 1.3లో దీన్ని సరిచేసింది. ఎలాగంటే, కీబోర్డు తెరిచి ఉన్నంతసేపూ పర్సోనా ఆగిపోతుంది. ఈ మరమ్మతు తీరు గమనించండి. హెచ్చరిక పెట్టలేదు, "ఒప్పుకుంటున్నారా" అని అడగలేదు, లెక్క బయటికి పోకుండా మూలంలోనే ఆపేశారు. కదలిక మొత్తానికీ ఈ తీరే కావాలంటున్నాను.

ఒప్పుకోలు కిటికీ మీద నాకెందుకు నమ్మకం లేదో చెప్తాను. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి సోఫా పక్కకి తోసి, గీత గీసుకుని, రెండు చేతుల్లో కంట్రోలర్లతో నిలబడి ఉంటాడు. కంటి ముందు గాల్లో కిటికీ తేలుతుంది, ఆట వెనకాల ఎదురుచూస్తోంది. చదవడానికి అది అనువైన చోటు కాదు, కంట్రోలర్ "అనుమతించు" మీదికే పోతుంది. కదలికకైతే ఆ కిటికీ కూడా లేదని ముందే అనుకున్నాం. పెట్టినా, "తల కదలిక ఇవ్వను" అంటే ఆట మొదలవదు. కాదనే వీల్లేని చోట అవుననడానికి విలువేముంది?

చట్టాలు ఈ విషయంలో రకరకాలుగా ఉన్నాయి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2008లో చేసిన బయోమెట్రిక్ చట్టం వేలిముద్ర, కంటిపాప, గొంతుముద్ర, చేతి లేదా ముఖం ఆకృతి అని జాబితా రాసుకుంది. నడక, కదలిక అందులో లేవు. మన దేశంలో 2011 ఐటీ నిబంధనలు కూడా దాదాపు అలాంటి జాబితానే రాసుకున్నాయి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ మాత్రం ప్రవర్తన లక్షణాలు కూడా బయోమెట్రిక్ కిందికి రావచ్చంది. జాబితా రాసుకునే చట్టం జాబితాలో లేనిదాన్ని చూడలేదు.

మన 2023 డేటా రక్షణ చట్టం జాబితా జోలికి పోలేదు, సున్నితమైనది, మామూలుది అన్న తేడా కూడా పెట్టలేదు. ఎవరిదో పోల్చుకోవడానికి వీలైన ఏ డేటా అయినా వ్యక్తిగతమే అంది. దాని లోటు దానికుంది గానీ, ఈ ఒక్క విషయంలో మనకి కలిసొచ్చింది. 94 శాతం సార్లు మనిషిని పట్టించే కదలిక వ్యక్తిగత డేటా కాదని ఏ కంపెనీ లాయరైనా వాదించాలంటే చెమటోడ్చాలి. చిక్కు పిల్లల దగ్గరుంది. పద్దెనిమిది నిండనివాళ్లంతా ఆ చట్టం దృష్టిలో పిల్లలే. వాళ్ల విషయంలో ట్రాకింగ్ చేయకూడదు, ప్రవర్తనని గమనించకూడదు, గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదు అని తొమ్మిదో సెక్షన్ చెప్తోంది. అక్షరాలా తీసుకుంటే పదిహేనేళ్ల పిల్లాడికి హెడ్‌సెట్టే పని చేయదు, ట్రాకింగ్ లేని హెడ్‌సెట్ ముక్కు మీద బరువు తప్ప ఇంకేమీ కాదు. అందుకే ఆ మాటని రెండుగా చీల్చాలి. హెడ్‌సెట్ లోపలే లెక్క కట్టి, బొమ్మ గీసి, మరుక్షణం మరిచిపోయే ట్రాకింగ్ ఒకటి. బయటికి పంపి దాచుకునే ట్రాకింగ్ ఇంకోటి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలలకి అమల్లోకి వస్తాయి. ఈలోపు ఈ తేడా ఎక్కడో ఒకచోట రాతలో పడకపోతే, చట్టం అందరూ ఉల్లంఘించేదో ఎవరూ పట్టించుకోనిదో అయిపోతుంది.

"ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లకి ఇంకా గుట్టేమిటి" అనే వాదన ఎప్పుడూ వస్తుంది. ఫోన్‌లో ప్రకటనల ఐడీ ఉంటుంది, తీసేయొచ్చు. నంబరు మార్చుకోవచ్చు, పాస్‌వర్డు మార్చుకోవచ్చు. చేతుల పొడవు మార్చుకోలేం. ఒకసారి బయటపడ్డాక కొత్తది జారీ చేసేవాళ్లెవరూ లేరు. ఆధార్ వేలిముద్రల దగ్గర మనం విన్న వాదనే ఇది, కాకపోతే వేలిముద్ర ఇస్తున్నప్పుడు ఇస్తున్నామని తెలుస్తుంది.

మరి కదలికని మొద్దుబార్చి ఇవ్వడం కుదురుతుందా? కుదురుతుంది, కానీ ఊరికే కాదు. బర్కిలీ బృందమే మెటాగార్డ్ అని ఒక పనిముట్టు చేసింది. ఎత్తు, చేతుల పొడవు లాంటి కొలతల్ని కొద్దిగా తప్పుగా చూపిస్తుంది. ఇక్కడ తెలియనివాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఫ్రేము ఫ్రేముకీ కొత్త తప్పు కలిపితే వెయ్యి ఫ్రేముల సగటు తీసి అసలు ఎత్తు లాగేస్తారు, పైగా బొమ్మ వణికి కడుపులో తిప్పుతుంది. అందుకని ఆట మొదలైనప్పుడు ఒకే తప్పు ఎంచుకుని, ఆ ఆట అయ్యేదాకా దాన్నే ఉంచాలి. మీరు ఆ పూటకి నాలుగు సెంటీమీటర్లు పొడుగు, అంతే. దీనివల్ల నేల మీద పడ్డ వస్తువు అందుకోబోతే చెయ్యి కాస్త పైనే ఆగుతుంది, లేదా అసలు నేలకి తగులుతుంది. కబుర్లు చెప్పుకునే గదిలో ఇది ఎవరికీ పట్టదు. దిమ్మెలు నరికే ఆటలో స్కోరు పోతుంది. కదలిక తీరు (విసురు, తొట్రుపాటు) ఈ పద్ధతికి పూర్తిగా లొంగదు కూడా. అయినా పోల్చుకోవడంలో కొలతలకి పెద్ద వాటా ఉంది, అవి చెదిరితే ఆనవాలు కొంత మసకబారుతుంది. ఏ ఆటకి ఎంత కచ్చితత్వం కావాలో ఆట చెప్పుకోవాలి, అంతకన్నా ఎక్కువ సిస్టమ్ ఇవ్వకూడదు. ఫోన్లలో లొకేషన్‌కి ఇది ఇప్పటికే ఉంది: కచ్చితంగా ఇవ్వాలా, సుమారుగా ఇవ్వాలా అని. క్యాబ్‌కి కచ్చితంగా కావాలి, వాతావరణం చెప్పేదానికి ఊరు చాలు. హెడ్‌సెట్‌లో ఇదే ఎందుకు లేదో నాకు సరైన కారణం కనపడదు. చెయ్యాల్సింది సిస్టమ్ రాసేవాళ్లు. యాప్ వాళ్ల మంచితనానికి వదిలేసే పని కాదిది.

అంతదాకా వాడేవాళ్ల చేతిలో ఉన్నది తక్కువే. కూర్చుని ఆడే వీలున్న చోట కూర్చుంటే ఎత్తు బయటపడదు (చేతుల పొడవు మాత్రం పడుతుంది). గది ఆకృతి కోసం అడిగే పర్మిషన్ వేరే ఉంటుంది. బల్ల మీద బొమ్మలు పెట్టే ఆటకి అది కావాలి, పాటల ఆటకి అక్కర్లేదు. 2025 నుంచి క్వెస్ట్‌లో యాప్‌లు కెమెరా కూడా అడగగలవు, అది ఇంకా జాగ్రత్తగా చూసి ఇవ్వాలి. ఉద్యోగానికీ సరదాకీ ఒకే అకౌంటు వద్దు, స్కోరు పట్టికలకి పంపే రికార్డులు అసలు పేరుతో వద్దు. అకౌంట్ల విషయంలో కంపెనీలు ఒత్తిడికి లొంగుతాయనడానికి ఒక దాఖలా ఉంది. ఓకులస్ హెడ్‌సెట్లకి (క్వెస్ట్ అప్పట్లో ఈ పేరుతోనే ఉండేది) ఫేస్‌బుక్ అకౌంటు తప్పనిసరి అని 2020లో అన్నారు. ఆ డిసెంబరులోనే జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలెట్టింది. 2022 ఆగస్టుకి ఫేస్‌బుక్‌తో పనిలేని మెటా అకౌంటు వచ్చింది.

మన ఇళ్లకి క్వెస్ట్ చాలావరకు అమెరికా నుంచి వచ్చే అన్నయ్యో పిన్నో సూట్‌కేసులో వస్తుంది. అక్కడే అకౌంటు తెరిచి, ఆటలు కొనిపెట్టి, తెచ్చి పిల్లాడి చేతిలో పెడతారు. ప్రేమే, కాదనలేం. కానీ ఆ అకౌంటు నలభై ఏళ్ల మనిషిది. కంపెనీ దృష్టిలో ఆడుతున్నది పెద్దవాళ్లు, పిల్లలకి ఉండాల్సిన కట్టుబాట్లేవీ దానికి అంటవు, గదుల్లో ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. పది నుంచి పన్నెండేళ్ల వాళ్లకి తల్లిదండ్రుల అకౌంటుతో ముడిపడే అకౌంటు, పదమూడు దాటినవాళ్లకి టీనేజి అకౌంటు ఉన్నాయి. హెడ్‌సెట్‌లో రెండో అకౌంటుగా చేర్చితే కొన్న ఆటల్లో చాలావరకు పంచుకోవచ్చు కూడా. పదేళ్లలోపు పిల్లలకి ఏ అకౌంటూ లేదు.

మోజు తీరాక అది పాత సామాన్ల యాప్‌లో అమ్మకానికి వెళ్తుంది. వెళ్లేముందు పవర్ ఆపి, పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే ఒక మెనూ వస్తుంది. వాల్యూమ్ బటన్లతో ఫ్యాక్టరీ రీసెట్ దగ్గరికి దిగి, పవర్‌తో ఎంచుకోండి. లాగిన్, వైఫై పాస్‌వర్డు, హాల్లో సోఫా ఎక్కడుందో చెప్పే పటం పోతాయి. ఫోన్ యాప్‌లోంచి కూడా ఆ హెడ్‌సెట్ తీసేయండి. సర్వర్లకి ముందే చేరిపోయిన కదలికలు ఈ రీసెట్‌తో పోవు. వాటిని తుడిచెయ్యమని అడిగే హక్కు కొత్త చట్టంలో ఉంది, అదీ ఆ పద్దెనిమిది నెలల తరవాతే అమల్లోకి వస్తుంది. కాకపోతే అడగాల్సింది హెడ్‌సెట్ కంపెనీ ఒక్కదాన్నే కాదు, ఇన్నాళ్లూ ఆడిన ఆటల సర్వర్లు నడిపేవాళ్లని, ఒక్కొక్కరినీ విడివిడిగా.